రేగడి నేలలో రోమను కాసులు

వినుకొండలో 1889వ సంవత్సరమున పదునైదు బంగారు నాణెములు బయటపడినవి. వానిలో ఏ యొక్కటియు మన దేశపు టంకశాలలో పుట్టినది కాదు; అన్నియు రోమను సామ్రాజ్యపు నాణెములే. వానిలో మిక్కిలి పాతది టిబేరియస్ చక్రవర్తిది. ఆయన క్రీ.శ. 14 నుండి 37 వరకు ఏలెను. మిక్కిలి క్రొత్తది కారకల్లాది. ఆయన క్రీ.శ. 217లో హత్యకు గురియయ్యెను. ఈ యిద్దరి నడుమ ఇంచుమించు రెండు వందల యేండ్ల కాలమున్నది. నల్లరేగడి చేలకును, రాతి గుట్టలకును నడుమనున్న ఈ పలనాటి అంచునకు ఆ బంగారము ఎప్పుడు చేరెను? ఎవరు దాచిరి? ఎవరు దాచిరో నాణెము చెప్పదు. ఎప్పుడన్న ప్రశ్నకు మాత్రము, దానిని చదువ నేర్చినవారికి, కొంత దూరము వరకు సమాధానము చెప్పును.

పాత గ్రంథములు తిరుగవేయు ఉత్సాహము కలవారికి ఇక్కడనే ఒక మాట చెప్పవలెను. ఆ దినములలో వినుకొండ కృష్ణా జిల్లాలోనిది. గుంటూరు జిల్లా 1904లో ఏర్పడినది. ఒంగోలు ప్రాంతము అంతవరకు నెల్లూరు జిల్లాలో నుండెను. 1970లో ఒంగోలు కేంద్రముగా వేరు జిల్లా ఏర్పడి, 1972లో ప్రకాశం పేరు పొందినది. 2022 నుండి వినుకొండ పల్నాడు జిల్లాలో చేరినది. కావున గుంటూరు జిల్లా నాణెములను వెదకువారు కృష్ణా, నెల్లూరు జిల్లాల పట్టికలు గూడ చూడవలసి యుండును. ఊరు కదలలేదు గాని జిల్లాలు కదలినవి.

రేడియోలో నాణెమును చూపుటకు వీలులేదు. ఈ పుటలో గూడ మాటలతోనే దానిని అరచేతిలో పెట్టవలసి యున్నది. మన యిండ్లలో కాసు బంగారమనగా ఎనిమిది గ్రాములని అందరికిని తెలియును. రోమను బంగారు నాణెమునకు ఆరియస్ అని పేరు. ఆగస్టస్, టిబేరియస్ చక్రవర్తుల నాటి ఆరియస్ దాదాపు ఏడు గ్రాముల ఎనిమిది పాళ్లు తూగును. అనగా మన కాసుకు రవ్వంత తక్కువ. వెడల్పులో ఇంగ్లీషు సవరను కంటె కొంచెము చిన్నది, కాని దళసరి. వెండి నాణెము పేరు డెనారియస్. అది నాలుగు గ్రాములకు లోపుగా నుండును. ఇరువదియైదు డెనారియస్‌లు ఒక ఆరియస్‌తో సమానము. ఈ డెనారియస్ అను మాటయే మన దేశమున దీనారమైనది. శ్రీనాథుని కనకాభిషేకపు కథలో వినబడు దీనార టంకములలో ఆ రోమను పేరు మిగిలియున్నది. తెలుగు బైబిలులో కైసరునకు పన్ను చెల్లించుటను గూర్చిన ఘట్టమున వచ్చు దేనారము గూడ ఇదియే. అది టిబేరియస్ నాటి వెండి నాణెమై యుండునని చాలమంది పండితుల అభిప్రాయము.

ఇక గుర్తించుట. ముందుగా, ఏది రోమను నాణెము కాదో తెలిసికొనుట సులభము. నాణెముపై 1, 2, 3 వంటి అంకెలతో సంవత్సరము కనబడినచో అది రోమను నాణెము కాదు. విక్టోరియా రాణి సవరనుపై గూడ తల యుండును, చుట్టును లాటిన్ మాటలుండును. కాని అడుగున సంవత్సరపు అంకెలుండును. వెనిస్ నగరపు బంగారు నాణెములు ఒకప్పుడు మన తీరమునకు విరివిగా వచ్చినవి. వానిపై ఒక సాధువు నిలిచియుండగా, ఆయన యెదుట నగరాధిపతి మోకరిల్లియుండును, నాణెము పలుచన. వానిని చూచి రోమను నాణెములని భ్రమించువారు కలరు. రోమను నాణెముపై సాధారణముగా ఒక వైపున పెద్ద తల, ఒక ప్రక్కకు తిరిగి, మెడ వరకో భుజముల వరకో యుండును. రెండవ వైపున దేవతయో, సైనికుడో, గుడియో యుండును. చుట్టును పెద్ద బడి అక్షరములు, మాటకును మాటకును ఎడము లేకుండ చెక్కబడి యుండును. ఇంగ్లీషు అక్షరములు వచ్చిన బడిపిల్లవాడు గూడ వానిని కూడబలుకుకొనగలడు. 'యు' ఉండవలసిన చోట 'వి' కనబడునని మాత్రము గుర్తుంచుకొనవలెను.

తలను చూచినంతనే కొంత కాలనిర్ణయము చేయవచ్చును. హేడ్రియన్‌కు ముందటి చక్రవర్తులు చాలవరకు నున్నగా క్షౌరము చేయించుకొన్నవారు. క్రీ.శ. 117లో సింహాసన మెక్కిన హేడ్రియన్ గడ్డము పెంచెను. అతని తరువాత వంద యేండ్ల వరకు చక్రవర్తులు చాలవరకు గడ్డముతోనే కనబడుదురు. రాణుల నాణెములలో జుట్టుముడి చూడవలెను. ముడి తీరు ఎప్పటికప్పుడు మారుచుండెను. చక్రవర్తి భార్య ముడి వేసికొన్న రీతినే దేశమంతయు వేసికొనెడిది. శిల్పముల కాలమును గూడ పండితులు ఈ జుట్టుముళ్లను బట్టి నిర్ణయించుచున్నారు.

అసలు కాలము మాత్రము అక్షరములలో నున్నది. మన శాసనములలో రాజ్యసంవత్సరము చెప్పుట మీకు తెలిసినదే. చినగంజాములో దొరకిన శాసనము గౌతమీపుత్ర యజ్ఞశ్రీ శాతకర్ణి ఇరువదియేడవ రాజ్యసంవత్సరమున వేయించినది. రోమను చక్రవర్తులకు గూడ ఇట్టి లెక్క యొకటి కలదు. ప్రజారక్షకుడను అధికారమును వారు ఏటేట క్రొత్తగా స్వీకరించుచు, ఎన్నవసారి స్వీకరించిరో నాణెముపై వేయించెడివారు. 'టి.ఆర్.పి.' అను మూడక్షరముల తరువాత గీతలతో వ్రాసిన అంకె యున్నచో ఆ నాణెమునకు సంవత్సరమే దొరకును. అన్ని నాణెములపై అది యుండదు. అప్పుడు బిరుదులను పట్టుకొనవలెను. ట్రేజన్ చక్రవర్తికి డేసియా విజయమునకు గాను వచ్చిన బిరుదు క్రీ.శ. 102 నాటిది, 'ఉత్తముడు' అను బిరుదు 114 నాటిది, పార్థియా విజయపు బిరుదు 116 నాటిది. మొదటి రెండును ఉండి మూడవది లేని నాణెము 114కును 116కును నడుమ పుట్టినదని చెప్పుటకు చరిత్ర గ్రంథములన్నియు చదువ నక్కరలేదు.

హేడ్రియన్ ఉదాహరణము ఇంకను ముచ్చటైనది. ఆయన కాన్సల్ పదవిని మూడవసారి 119లో స్వీకరించెను, మరల స్వీకరింపలేదు. కావున 'సి.ఓ.ఎస్.' అను అక్షరముల తరువాత మూడు గీతలున్న నాణెములు 119 నుండి 138లో ఆయన మరణించువరకు ఏ సంవత్సరపువైనను కావచ్చును. పందొమ్మిదేండ్ల సందు. అయితే 128లో ఆయన 'దేశపిత' అను బిరుదును అంగీకరించెను. దానికి గుర్తు రెండు 'పి' అక్షరములు. ఆ రెండక్షరములు చేరినవో లేదో చూచినచో ఆ సందు సగమగును. నాణెముల చదువంతయు ఇట్టిదే. ఒక్కసారి గురి చూచి కొట్టుట కాదు. రెండు వైపుల నుండి దడి కట్టుచు పోవుట.

ఒక్కొక్కప్పుడు ఒకే మాట కథ యంతయు చెప్పును. నాగార్జునకొండ త్రవ్వకములలో టిబేరియస్ నాణెముతోపాటు ఫాస్టినా రాణి బంగారు నాణెము గూడ దొరకినది. ఆమె ఆంటోనైనస్ పయస్ చక్రవర్తి భార్య, క్రీ.శ. 140 ప్రాంతమున మరణించెను. భర్త ఆమెను దేవతగా ప్రకటింపజేసి, ఆమె పేర విస్తారముగా నాణెములు వేయించెను. ఫాస్టినా పేరునకు ముందు 'దివా' అను మాట యున్నచో ఆ నాణెము ఆమె మరణించిన తరువాతిదని అర్థము. ఆ 'దివా' యును మన 'దేవ' శబ్దమును ఒకే మూలమున పుట్టిన అక్కచెల్లెండ్రు. నాగార్జునకొండలోని బౌద్ధ భిక్షువు ఎవరైనను ఆ అక్షరములను ఎవరిచేతనైనను చదివించుకొని యుండినచో ఆ మాట చెవికి అంత పరాయిదిగా తోచియుండదు.

ఇన్ని నాణెములు ఇంత దూరము వచ్చుటకు కారణము మన నేలయే. క్రీ.శ. మొదటి శతాబ్ది మధ్యకాలమున గ్రీకు భాషలో వ్రాయబడిన 'ఎరిత్రియా సముద్ర పెరిప్లస్' అను నావికుల గ్రంథము మసాలియా అను దేశమును పేర్కొని, అక్కడ సన్నని నూలుబట్టలు విరివిగా నేయబడునని చెప్పుచున్నది. రెండవ శతాబ్దిలో టాలెమీ అదే తీరమును మైసోలియా అని పిలిచి, అందు కంటకోస్సిల అను రేవును చూపినాడు. అది నేటి ఘంటసాల. నాగార్జునకొండ శాసనమొకటి గూడ కంటకసేల అను పేరును చెప్పుచున్నది. కృష్ణానది ముఖద్వారము నుండి అమరావతి మీదుగా పైకి పోవు దారియే ఈ నాణెముల దారి. నేడు గుంటూరు పేరు చెప్పగానే ప్రత్తియు మిరపయు తలపునకు వచ్చును. రోమను వర్తకుడు వీనిలో ప్రత్తినే ఎరుగును. మిరపకాయ అమెరికా ఖండము నుండి పోర్చుగీసువారి ఓడలలో పదునారవ శతాబ్దిలో గాని మనకు రాలేదు. అతడు కారము కొరకు మిరియము కొనెను. అది పడమటి తీరపు సరకు.

రోములో ఈ వర్తకమును గూర్చి గొణిగినవారును లేకపోలేదు. క్రీ.శ. 79లో మరణించిన ప్లినీ, ఏటేట ఐదు కోట్ల సెస్టర్సుల ధనము ఇండియాకు పోవుచున్నదని వ్రాసెను. నూరు సెస్టర్సులు ఒక ఆరియస్. అనగా ఆ లెక్క చొప్పున ఏటికి ఐదు లక్షల బంగారు నాణెముల విలువ. ఆ అంకెను అక్షరాల నమ్మవలసిన పనిలేదు. పట్టుచీరల ఖర్చు చూచి ఇంటి పెద్ద వేయు లెక్కలో ఎంత కోపమున్నదో ఇందులోను అంత కోపమున్నది.

ఇక్కడ ముఖ్యమైన చిక్కు వచ్చుచున్నది. నాణెము పుట్టిన కాలము వేరు. అది భూమిలో చేరిన కాలము వేరు. మన యింటి యినుప పెట్టెలో ఐదవ జార్జి బొమ్మగల వెండి రూపాయి యొకటి, 2011లో అచ్చయిన పది రూపాయల బిళ్ల యొకటి కలసియున్నవనుకొందము. జార్జి రూపాయిని మాత్రమే చూచినవాడు ఆ పెట్టె స్వాతంత్ర్యమునకు ముందు మూసినదనును. రెండును చూచినవాడు 2011కు ముందు మూసినది కాదనును. వినుకొండ బంగారము గూడ ఇంతే. అందులో టిబేరియస్ నాణెము మాత్రమే మిగిలి, కారకల్లా నాణెము కంసాలి మూసలో కరగిపోయి యుండినచో, దానిని రెండు వందల యేండ్లు వెనుకకు నెట్టియుందుము. శాతవాహనుల ప్రాభవమునకును, వారి తరువాత విజయపురి నేలిన ఇక్ష్వాకులకును ఉన్న దూరమంతయు ఆ యొక్క బిళ్లతో పోయెడిది.

తూనికయు ఈ విషయమున సాక్ష్యము పలుకును. క్రీ.శ. 64లో నీరో చక్రవర్తి నాణెముల బరువు తగ్గించెను. ఒక రోమను పౌను బంగారమునకు ఇంచుమించు నలువదిగా నుండిన ఆరియస్‌లు నలువదియైదైనవి. వెండి నాణెముల బరువు తగ్గుటయే కాక, వెండిలో కల్తీయు హెచ్చినది. కారకల్లా నాటికి పౌనునకు ఏబది ఆరియస్‌లు. కాన్‌స్టంటైన్ నాలుగవ శతాబ్దిలో వేయించిన సోలిడస్ అను క్రొత్త నాణెము పౌనునకు డెబ్బదిరెండు. అది పలుచగా, వెడల్పుగా నుండును. రోములో ప్రభువు చెప్పిన విలువకు ప్రజలు నాణెమును తీసికొనక తప్పదు. మన వర్తకులకు ఆ నిర్బంధము లేదు. వారు తూచి, గీటి, మంచిది ఏరుకొనిరి. తెలంగాణమున నల్లగొండ ప్రాంతపు అక్కనపల్లిలో దొరకిన 1,531 వెండి నాణెములు ఆగస్టస్, టిబేరియస్ చక్రవర్తులవే. పరమేశ్వరీలాల్ గుప్త 1965లో ప్రకటించిన ఆంధ్రప్రదేశపు రోమను నాణెముల గ్రంథములో వాని వివరములు కలవు. పాత మంచి వెండిని వర్తకులు ఏరి దాచిన పక్షమున, ఆ కుండ టిబేరియస్ మరణించిన చాల యేండ్లకు పూడ్చినదియు కావచ్చును. కావున ఒక్క రకపు నాణెములే దొరకినప్పుడు తేదీ చెప్పుటకు తొందరపడరాదని నా అభిప్రాయము.

అచ్చుపోసిన మీదట మన దేశములో ఆ నాణెమునకు జరిగిన మర్యాదలను, అమర్యాదలను గూడ చదువవలెను. తమిళనాట పుదుక్కోట వద్ద 1898లో దొరకిన 501 బంగారు నాణెములలో చాల భాగమునకు చక్రవర్తి ముఖముపై ఉలితో గాటు పెట్టబడి యున్నది. ఇది బంగారము పరీక్షించుటకని కొందరందురు. పరీక్షకైనచో అంచున గీటు పెట్టిన చాలును. ముఖమునే ఏల కోయవలెను? ఇక మీదట ఇది నాణెము కాదు, ఒట్టి బంగారమే అని తెలుపుటకు కోసిరను మాట నాకు సబబుగా తోచుచున్నది. పండితులలో మాత్రము ఇంకను ఏకాభిప్రాయము కుదరలేదు.

మరికొన్నింటికి తల పైభాగమున పక్కపక్కగా రెండు రంధ్రములుండును. అది కాసులపేరు చేయించుకొనుటకు. రెండు రంధ్రములైనచో బిళ్ల తిరుగబడక, ముఖము నిటారుగా కనబడుచుండును. అట్టి నాణెము డబ్బుగా వచ్చి నగగా మారినది. తల్లి మెడ నుండి కూతురు మెడకు ఎన్ని తరములు నడచెనో చెప్పజాలము. రంధ్రమున్న నాణెముతో తేదీ కట్టునప్పుడు ఇంకను పదిలముగా నుండవలెను. ఈ మోజు ఎంత పెరిగెననగా, అసలు నాణెములు దొరకనివారు వానిని చూచి మట్టితో బిళ్లలు చేయించుకొని ధరించిరి. మెదకు ప్రాంతపు కొండాపురములో అట్టి మట్టి బిళ్లలు దొరకినవి. బంగారముతోనే చేసిన స్థానిక అనుకరణములును కలవు. వానిలో తల బాగుగనే యుండును గాని, చుట్టునున్న అక్షరములు గీతలుగా, చుక్కలుగా మారి అర్థములేక పోవును. అక్షరము రాని చేయి అక్షరమును బొమ్మగా చూచినదన్నమాట. వీనిని దొంగ నాణెములనుట తగదు; అవి మన కంసాలుల పని, వాని విలువ వానికున్నది. ఈనాటి పోత నాణెములు వేరు. వాని అంచు చుట్టును సన్నని అతుకు గీత కనబడును. పై భాగమున చిన్న చిన్న గుంటలుండును. రోమను నాణెము పోత కాదు, రెండు అచ్చుల నడుమ సమ్మెట పెట్టి కొట్టినది. అందుచేత బొమ్మ ఒక ప్రక్కకు తొలగియుండుట, అంచు పగిలియుండుట వానికి సహజ లక్షణములు.

దీనారము ఈ నేలపై ఎంత స్థిరపడెనో ఒక శాసనము తెలుపుచున్నది. ఇక్ష్వాకు వీరపురుషదత్తుని కాలమున, ఉజ్జయిని రాకుమారియైన మహాదేవి రుద్రధరభట్టారిక నాగార్జునకొండ మహాచైత్యమునకు ఒక శిలాస్తంభము నెత్తించి, నూట డెబ్బది దీనారి మాషకములు దానము చేసెను. అవి ఏ నాణెములైనను, లెక్క పేరులో రోము వినబడుచున్నది.

ఇంతకును ఈ పరదేశపు నాణెములను గూర్చి మనకింత పట్టుదల ఎందులకని అడుగవచ్చును. శాతవాహనుల సీసపు నాణెములపై పేరులున్నవి, ఏనుగులున్నవి, రెండు తెరచాపకొయ్యల ఓడలున్నవి. క్రీస్తుశకముతో ముడిపెట్టదగిన సంవత్సరము మాత్రము లేదు. వారు మొత్తము ఎన్ని యేండ్లు ఏలిరను విషయమున పురాణములే ఒకదానితో నొకటి పొసగవు. సరియైన తేదీ తెలిసిన వస్తువొకటి ఆ పొరలలో దొరకినప్పుడే మన వంశావళులకు మేకు దిగును. 1947లో మార్టిమర్ వీలర్ మైసూరు దేశపు చంద్రవల్లిలో త్రవ్వినప్పుడు శాతవాహనుల నాటి పొరలకు కాలము కట్టుటలో టిబేరియస్ వెండి నాణెము సాయపడెను. మన చరిత్రకు గడియారము రోములో తయారైనది. కాని అది మన పొలములోనే, ఉన్నచోట ఉన్నట్లు దొరకవలెను.

అట్లు దొరకనప్పుడు ఏమగునో నెల్లూరు కథ చెప్పును. పదునెనిమిదవ శతాబ్ది చివర నెల్లూరు దగ్గర ఒక రైతు రాతి గుట్ట ప్రక్కన దున్నుచుండగా నాగలికి ఇటుక కట్టడము తగిలెను. త్రవ్వి చూడగా చిన్న గుడి శిథిలములును, వాని క్రింద చిన్న కుండయు బయటపడెను. కుండ నిండ రోమను బంగారము. రైతు దానిని పాత బంగారము క్రింద అమ్మివేసెను. చాలవరకు కరగిపోయినవి. నవాబు ముప్పదికి పైగా తిరిగి సంపాదించెను. అప్పుడు మద్రాసు గవర్నరుగా నుండిన అలెగ్జాండర్ డేవిడ్‌సన్ రెండు ఏరుకొనెను: ఒకటి హేడ్రియన్‌ది, ఒకటి ఫాస్టినాది. వానిలో ట్రేజన్ నాణెములును ఉన్నవనియు, కొన్ని నిన్న అచ్చైనట్లు మెరయుచుండగా, కొన్ని అరిగి రంధ్రములు పడి యుండెననియు ఆయన వ్రాసిన లేఖ కలకత్తా ఏషియాటిక్ సొసైటీవారి సంపుటమున అచ్చైనది. ఆ కుండలో మొత్తము ఎన్ని యుండెను? అన్నిటికంటె క్రొత్తది ఎవరిది? ఆ గుడి ఎప్పటిది? మూడింటికిని సమాధానము మూసలో పోయినది. ఆ రైతును నిందించి లాభము లేదు. అతనికి అది బంగారము. బంగారమునకు అతడెరిగిన ధర ఒక్కటే.

నేడు చట్టము వేరు విధముగా నున్నది. 1878 నాటి నిక్షేపముల చట్టము ప్రకారము భూమిలో దాగియుండి దొరకిన, పది రూపాయలకు మించిన విలువగల నిక్షేపమును గూర్చి కలెక్టరునకు వ్రాతమూలకముగా తెలుపవలెను. ఏమి దొరకినది, ఎంత, ఎక్కడ, ఏ తేదీన అను వివరములు అందులో నుండవలెను. దాచిపెట్టినచో శిక్షయు, వాటా పోవుటయు కలవు. తెలిపినవానికి అన్యాయము జరుగునను భయము పల్లెలలో మెండు. కాని హక్కుదారులెవ్వరును తేలనప్పుడు, వేరు ఒడంబడిక లేనిచో, దొరకినవానికి ముప్పాతిక, భూమి యజమానికి పాతిక అని ఆ చట్టమే చెప్పుచున్నది. ప్రభుత్వము తీసికొనదలచినచో లోహపు విలువకు అందులో అయిదవ వంతు చేర్చి ఇయ్యవలెను. అయిదవ వంతు గొప్ప బహుమానము కాదనియే నేనందును. రోమను నాణెమునకు బజారులో పలుకు ధర అంతకు మిక్కిలి హెచ్చు. అయినను కంసాలి కరగించి ఇచ్చు ధర కంటె అది మేలు. పైగా నిదురకు భంగముండదు.

మీ చేలో కాలువ తీయునప్పుడో, ప్రత్తి చేను లోతుగా దున్నించునప్పుడో అట్టిది కనబడినచో వెంటనే చింతపండు పెట్టి తోమకుడు. కుంకుడు రసములో వేయకుడు. నల్లబడిన వెండి నాణెముపై ఆ నలుపు క్రిందనే అక్షరములు నిలిచియుండును. గట్టిగా రుద్దినచో నలుపుతోపాటు అవియు పోవును. పాళ్లు పంచుకొనుటకు ముందు అన్నిటిని ఒకచోట వరుసగా పేర్చి, రెండు వైపులను ఫోనుతో ఫొటోలు తీయుడు. ప్రక్కన బడి పిల్లల స్కేలు పెట్టినచో కొలత తెలియును. ఎంత లోతున, చేనికి ఏ మూలన దొరకినదో కాగితముపై వ్రాసికొనుడు. కుండ పగిలినచో పెంకులను పారవేయకుడు. కుండ మన కుమ్మరి చేసినది. నాణెము వలె దేశములు తిరిగి వచ్చినది కాదు, తరములు దాటి వాడినదియు కాదు. దానిని పాతిపెట్టిన కాలమునకు నాణెముల కంటె ఆ పెంకుల మీది చారలే దగ్గరగా నుండును.